ముఖం పగిలింది.. మాస్క్ లేకుండా ఆడనన్నాడు! ఐస్ హాకీని మార్చేసిన గోల్‌కీపర్ జాక్ ప్లాంట్

గంటకు 100 కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకొచ్చే గట్టి రబ్బరు బిళ్ల. దాని బరువు దాదాపు 170 గ్రాములు. ఎదురుగా గోల్‌కీపర్. కాళ్లకు ప్యాడ్లున్నాయి, చేతులకు గ్లౌజులున్నాయి. ముఖానికి మాత్రం ఏమీ లేదు. ఒకప్పుడు ఐస్ హాకీ అంటే ఇదే! ఈ పరిస్థితిని మార్చిన ఆటగాడి పేరు జాక్ ప్లాంట్.

ఇంతకీ ఎవరీ ప్లాంట్?

1929 జనవరి 17న కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో పుట్టాడు. ఇంట్లో మొత్తం 11 మంది పిల్లలు. వాళ్లలో ఇతనే పెద్దవాడు. చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉండటంతో మంచుపై ఎక్కువసేపు స్కేటింగ్ చేయలేకపోయేవాడు. అందుకే గోల్ దగ్గర నిలబడ్డాడు. డబ్బుకు ఇబ్బందిగా ఉన్న ఆ ఇంట్లోనే అల్లిక నేర్చుకున్నాడు. స్టార్ అయ్యాక కూడా తన ఉన్ని టోపీలు తానే అల్లుకునేవాడు.

మాంట్రియల్ కెనడియన్స్ జట్టులో చేరాక ప్లాంట్ దశ తిరిగింది. 1953లో తొలి స్టాన్లీ కప్ అందుకున్నాడు. ఆ తర్వాత 1956 నుంచి 1960 వరకు వరుసగా ఐదుసార్లు ఆ జట్టుదే కప్! గోల్ వదిలి ముందుకొచ్చి పక్‌ను అందుకోవడం, సహచరులకు పాస్ ఇవ్వడం ప్లాంట్ స్టైల్. అప్పట్లో గోల్‌కీపర్లు అలా ఆడటం చాలా అరుదు.

ఆ రాత్రి ఏం జరిగింది?

1959 నవంబర్ 1. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. రేంజర్స్ ఆటగాడు ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ నేరుగా వచ్చి ప్లాంట్ ముఖానికి తగిలింది. రక్తం కారుతుండగానే లోపలికి వెళ్లి కుట్లు వేయించుకున్నాడు. అప్పటికే ముఖంపై దెబ్బలు తిని తిని, ప్రాక్టీస్‌లో ఫైబర్‌గ్లాస్ మాస్క్ వాడుతున్నాడు. మ్యాచుల్లో మాత్రం దానికి కోచ్ టో బ్లేక్ ఒప్పుకోలేదు. మాస్క్ పెడితే చూపు సరిగ్గా ఆనదని, ఆటలో పదును తగ్గుతుందని బ్లేక్ భావించేవాడు. మాస్క్ పెట్టుకుంటే పిరికివాడనే ముద్ర కూడా పడేది.

కానీ ఆ రాత్రి ప్లాంట్ పట్టు వదల్లేదు. మాస్క్ ఉంటేనే మళ్లీ మంచుపైకి వస్తానని తేల్చి చెప్పాడు. అప్పట్లో జట్టుకు ఒక్కడే గోల్‌కీపర్. బెంచ్‌పై సిద్ధంగా ఇంకొకడు ఉండేవాడు కాదు. వేరే దారి లేక కోచ్ ఒప్పుకున్నాడు. ఆ మ్యాచ్‌లో మాంట్రియల్ 3-1తో గెలిచింది. గాయం మానే వరకే మాస్క్ అనుకున్నారు. కానీ జట్టు గెలుస్తూనే ఉంది. 1960 మార్చిలో కోచ్ కోరడంతో ఒక్క మ్యాచ్‌కు మాస్క్ తీసేశాడు. మాంట్రియల్ 0-3తో ఓడింది. మాస్క్ మళ్లీ వచ్చేసింది. ఆ సీజన్‌లోనూ కప్ వాళ్లదే!

ఊరూరా తిరిగిన కెరీర్

1962లో లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. మరుసటి ఏడాదే మాంట్రియల్ అతణ్ని న్యూయార్క్ రేంజర్స్‌కు ఇచ్చేసింది. అక్కడ పెద్దగా కలిసిరాలేదు. 1965లో రిటైరయ్యాడు. ఇక కథ ముగిసిందనే అంతా అనుకున్నారు.

కట్ చేస్తే 1968లో సెయింట్ లూయిస్ బ్లూస్ తరఫున మళ్లీ బరిలోకి! ఆ సీజన్‌లోనే గ్లెన్ హాల్‌తో కలిసి ఏడోసారి వెజినా ట్రోఫీ గెలిచాడు. అప్పటికి వయసు 40. 1970 ఫైనల్స్‌లో బోస్టన్‌పై ఆడుతుండగా దారి మళ్లిన ఒక షాట్ నేరుగా ముఖానికి తగిలి స్పృహ తప్పి పడిపోయాడు. మాస్క్ పగిలింది, ప్రాణం మిగిలింది. ఒకప్పుడు పట్టుబట్టి పెట్టుకున్న మాస్కే ఆ రోజు అతణ్ని కాపాడింది.

అక్కడితోనూ ఆగలేదు. టొరంటో మేపుల్ లీఫ్స్‌కు ఆడిన తొలి సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 1.88 గోల్స్ మాత్రమే ఇచ్చాడు. అప్పటికి వయసు 42! ఆ తర్వాత బోస్టన్ బ్రూయిన్స్, చివరగా 1974-75లో ఎడ్మంటన్ ఆయిలర్స్. మధ్యలో కోచ్‌గానూ పనిచేశాడు.

1978లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 1986 ఫిబ్రవరి 27న స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. 1995లో మాంట్రియల్ అతని నంబర్ 1 జెర్సీని శాశ్వతంగా పక్కన పెట్టింది.

ఇప్పుడు మాస్క్ లేకుండా ప్రొఫెషనల్ మ్యాచ్‌లో దిగే గోల్‌కీపర్ ఒక్కడు కూడా కనిపించడు. పెట్టుకున్నవాణ్ని పిరికివాడనే వాళ్లూ లేరు.