శిలాక్షరాలు చదివిన మహనీయుడు గిడుగు రామమూర్తి పంతులు



ఆలయ జీర్ణోద్ధరణ వేళ పాత రాళ్ళు కదులుతాయి, కొత్త గోడలు లేస్తాయి. ఆ పాత రాళ్ళపై పూర్వుల దానాలు అక్షరాలై నిలిచి ఉండవచ్చు. అట్టి అక్షరాలను చదివి, వాటి కాలాన్ని నిర్ణయించిన ఉత్తరాంధ్ర మహనీయుని ఈ శుభసందర్భంలో స్మరించుకోవడం సముచితం. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా, సవర భాషకు వ్యాకరణ నిఘంటువులు రచించిన పండితునిగా ఆయనను మీరెరుగుదురు. శాసన పరిశోధకునిగా ఎరిగినవారు తక్కువ.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు ఉద్యోగరీత్యా చోడవరానికి బదిలీపై వచ్చి, 1875లో అక్కడే విషజ్వరంతో పరమపదించారు. తండ్రిని కోల్పోయిన ఆ బాలుడు బంధువుల ఆదరణలో చదువుకొని, 1880లో ముప్పది రూపాయల జీతంపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యారు.

చరిత్ర బోధించే ఆయనకు, ఆ చరిత్రకు సాక్ష్యాలు ముఖలింగ దేవాలయాల రాళ్ళపై కనిపించాయి. గురువు లేకుండానే ప్రాచీన లిపులను అభ్యసించారు. గాంగరాజుల తామ్రశాసనాలలో కనిపించే కళింగనగరం ఎక్కడిదో ఆనాడు తేలలేదు. కళింగపట్నమే అది అని కొందరు పండితులు భావించారు. వంశధారా తీరాన ఉన్న ముఖలింగమే కళింగనగరమని పంతులుగారు శాసనాల ఆధారంతో ప్రతిపాదించారు.

కాలనిర్ణయం ఎలా జరిగేదో చూడండి. ఆయన ప్రకటించిన వజ్రహస్తుని నడగాం తామ్రశాసనం శకవర్షం 979 నాటిది. అందులో రాజు పట్టాభిషేక సంవత్సరం అంకెలలో కాక మాటలలో ఉంది. ఆకాశమంటే సున్న, ఋతువులు ఆరు, నిధులు తొమ్మిది. వీటిని కుడినుండి ఎడమకు చేర్చితే శకవర్షం 960. దానికి 78 కలిపితే క్రీ.శ. 1038. ఒక్క మాట చెరిగిపోతే ఆ సంవత్సరమే మనకు దక్కదు.

పంతులుగారు 1940 జనవరి 22న కీర్తిశేషులయ్యారు.

దాతలారా! ముఖలింగంలో అఖండదీపాలకు దానమిచ్చినవారి పేర్లు నేటికీ నిలిచి ఉన్నవంటే, నాటి శిలలను ఎవరూ పగులగొట్టకపోవడమే కారణం. మీ గ్రామాలలో ఆలయ పునర్నిర్మాణం తలపెట్టినప్పుడు అక్షరాలున్న రాతిని పునాదిలో వేయకండి. దానిపై సున్నం, రంగు పూయకండి. ఉలితో నునుపు చేయించకండి. ఛాయాచిత్రం తీయించి పురావస్తు శాఖవారికి తెలియజేయండి. నేడు మీ పేరిట వేయించే శిలాఫలకంపై గ్రామాన్ని, సంవత్సరాన్ని స్పష్టంగా చెక్కించండి. మన పూర్వుల దానాన్ని కాపాడడం కూడా దైవకైంకర్యమే.

శుభం భూయాత్.