షాఫ్ట్స్‌బరీ ప్రభువు

గొప్పవారి యింట జన్మించిన పిల్లలకు లోటేమియు నుండదని మనము తలంతుము. 1801వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన లండను నగరమున జన్మించిన ఆంటనీ ఆష్లీ కూపరు బాల్యము ఇందుకు భిన్నముగా నుండెను. అతని తండ్రి తరువాత ఆరవ షాఫ్ట్స్‌బరీ ప్రభువయ్యెను. తల్లి మార్ల్‌బరో డ్యూకు కుమార్తె. ధనమునకుగాని వంశగౌరవమునకుగాని కొదువ లేదు. అయినను తండ్రి కఠినుడు. తల్లికి విందువినోదములే ప్రీతి.

ఆ యింట నాతనిని ప్రేమించినది మరియా మిల్లిస్ అను పరిచారిక యొక్కతెయే. ఆమె బైబిలు కథలు చెప్పి, ప్రార్థించుట నేర్పెను. అతడు చిజిక్ బడిలో నుండగనే యామె మరణించెను. తన బంగారు గడియారమును ఆ బాలున కిమ్మని చెప్పిపోయెను. పిమ్మట నెంతటివాడైనను ఆయన వేరొక గడియారమును ధరింపలేదు.

హారో పాఠశాలలో చదువు దినములలో, దిక్కులేని పేదవాని శవపేటికను త్రాగుబోతులు పాటలు పాడుచు మోసికొనివచ్చి క్రింద పడవైచుట చూచెను. పేదల పక్షమున నిలువవలెనను సంకల్పము ఆనాడే కలిగెనని వృద్ధాప్యమున చెప్పుచుండెడివాడు.

1826లో పార్లమెంటు సభ్యుడయ్యెను. 1830లో ఎమిలీ కూపరును వివాహమాడెను. ఇంటివారామెను మిన్నీ యని పిలుచుచుండిరి. ఆమె మెల్‌బర్న్ ప్రభువునకు మేనకోడలు. ఆమె తల్లి 1839లో పామర్‌స్టన్ ప్రభువును పునర్వివాహము చేసికొనెను. ఈ యిరువురును ప్రధానమంత్రులైనవారు, అల్లునికి ప్రతిపక్షమువారు. అయినను ఆ దంపతుల యన్యోన్యతకు కొరత రాలేదు. బాల్యమున తనకు దొరకని యాదరమును ఆయన తన పదిమంది బిడ్డలకును సమృద్ధిగా నిచ్చెను.

1833లో మిల్లులలోని బాలకార్మికుల పక్షమును వహించెను. ఆ యేటి శాసనము తొమ్మిదేండ్లు నిండని పిల్లలను నూలుమిల్లులలో పనికి బెట్టరాదనెను. 1842 నాటి శాసనము స్త్రీలను, బాలికలను, పదేండ్లలోపు బాలురను బొగ్గుగనుల చీకటినుండి వెలికి తెచ్చెను. 1841లో ప్రధానమంత్రి పీల్ రాజాస్థానమున నుద్యోగ మిచ్చెదననగా, పది గంటల పని శాసనమునకు ఆయన మాట యియ్యనందున, సంసారము బరువుగా నున్నను దానిని వలదనెను.

మిల్లు యజమానుల పక్షమువారు ఊరకుండలేదు. డార్సెట్ సీమలో తన తండ్రి పొలములలోని కూలీల దుస్థితి ఈయనకు కానరాదా యని జాన్ బ్రైట్ మొదలగువారు నిలదీసిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ సంగతి ఆయన యెరుగనిదియు గాదు. 1843లో ఆ సీమ భూస్వాముల విందులోనే లేచి, కూలీల జీతములను, ఇండ్లను బాగుచేయవలెనని పలికియుండెను. ఏండ్ల తరబడి మాటలులేక 1839లో సమాధానపడిన తండ్రి, ఈ ప్రసంగమునకు కోపించి మరల విముఖుడయ్యెను. పరుల తప్పు నెంచుట సులభము; తండ్రి భూములను గూర్చి తండ్రి ఇరుగుపొరుగువారి యెదుట పలుకుట యట్టిది కాదు.

1847లో పది గంటల శాసనము నెగ్గునప్పటికి ఆయన సభలో లేడు. ధాన్యపు సుంకముల విషయమున తన యభిప్రాయము మారినందున 1846లోనే సభ్యత్వమును వదలుకొనియుండెను. కార్యమును జాన్ ఫీల్డెన్ నెరవేర్చెను.

1851లో తండ్రి మరణింపగా ఎస్టేటుతోపాటు ఋణములును, కూలిపోవుచున్న కుటీరములును చేతికి వచ్చెను. విమర్శకుల ప్రశ్నకిక తానే యుత్తరము చెప్పవలసియుండెను. అప్పుచేసి క్రొత్త యిండ్లు గట్టించెను. నమ్మిన యేజంటు ధన మపహరింపగా వ్యాజ్యములలో నేండ్లు గడచెను.

బిడ్డలలో ఫ్రాన్సిస్ 1849లో హారోలోనే మరణించెను. 1872లో భార్యయు, రెండు మాసములకే కుమార్తె కాన్‌స్టన్సును గతించిరి. అయినను 1875లో పొగగొట్టములు తుడుచు బాలుర కొరకు కడపటి శాసనము చేయించెను.

1885 అక్టోబరు 1వ తేదీన ఫోక్‌స్టన్‌లో కన్నుమూసెను. వెస్ట్‌మినిస్టరు ఆలయమున ఆరాధన జరిగెను. లండను వీధులలో పేదలు బారులుదీరి నిలిచిరి. సమాధి మాత్రము అచ్చట గాదు. ఆయన కోరినట్లే స్వగ్రామమగు సెయింట్ జైల్స్‌లో, మిన్నీ సమాధి చెంతనే జరిగెను.