నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మగారు

గృహస్థధర్మములలో అతిథిపూజ శ్రేష్ఠమైనదని మనలో నెఱుగనివారు లేరు. ఎఱుగుట వేఱు; జీవితాంతము దినదినము నాచరించుట వేఱు. అట్లాచరించి, తెలుగునాట అపరాన్నపూర్ణయని కీర్తిగాంచిన యిల్లాలు డొక్కా సీతమ్మగారు. భాగ్యనగరమునకు తూర్పున, బెజవాడ బాట ప్రక్కనున్న అబ్దుల్లాపూర్‌మెట్టున మన సంఘ వార్షిక మహాసభ జరుగుచున్న యీ తరుణమున, బాటసారుల యాకలి దీర్చుటయే వ్రతముగా గొన్న యా సాధ్వి చరిత్రమును స్మరించుట యుక్తము.

సీతమ్మగారు 1841వ సంవత్సరమున గోదావరి మండలములోని మండపేటలో వైదిక బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తండ్రి అనుప్పిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. వచ్చినవారికెల్ల అన్నము పెట్టుట చేత తండ్రిగారిని జనులు బువ్వన్నగారని పిలిచెడివారు. బాల్యముననే తల్లి గతింపగా నింటి భారము బాలికపై బడెను. తండ్రి యింటికి దెచ్చిన యతిథులకు వడ్డించుచునే యామె పెరిగెను. బడి చదువులు లేకున్నను ఆ వంటయిల్లే యామెకు విద్యాలయమయ్యెను.

లంకల గన్నవరమునకు జెందిన డొక్కా జోగన్నగారు సంపన్నులైన కర్షకులు, వేదవిదులు. ఒకనాడు వారు పయనములో మధ్యాహ్నవేళకు అలసి మండపేట చేరి, బువ్వన్నగారి యింట నాతిథ్యము గొనిరి. ఆ యింటి కన్యక చూపిన యాదరమును, వినయమును గాంచి, తన గృహమునకు దగిన యిల్లాలు ఈమెయే యని నిశ్చయించి, పెద్దల యనుమతితో వివాహమాడిరి. ఆకలిగొని వచ్చిన యతిథియే యల్లుడగుట యీ వంశచరిత్రమునకు దగిన నాంది.

గన్నవరము గోదావరి పాయయగు వైనతేయ తీరముననున్నది. వంతెనలును, మోటారు బండ్లును లేని యా కాలమున కోనసీమ లంకలలో బ్రయాణము చేయువారు పడవలెక్కి, దిగి, గట్ల వెంట నడచి పోవలసియుండెను. వానకు, వఱదకు జిక్కిన వారికి పూటకూళ్ల యిల్లు దొరకుట దుర్లభము. అట్టివారికి జోగన్నగారి లోగిలి దిక్కయ్యెను. వేళగాని వేళ వచ్చినను, నడిరేయి తలుపు తట్టినను, సీతమ్మగారు విసువక పొయ్యి రాజేసి వండి వడ్డించెడివారు. వచ్చినవారి కులమును గాని, మతమును గాని యడిగి పెట్టుట యామె యెఱుగదు.

సీతమ్మగారి పేరు లోకమెల్ల నెఱుగును; జోగన్నగారి పేరు తలచువారు తక్కువ. పొలము పండించి గాదెలు నింపినవారు వారు. నింపిన గాదెలు అతిథులకై ఖాళీయగుచున్నను భార్య చేతిని వారించక తోడునిలిచిరి. పెట్టు చేయి యొక్కటి చాలదు; పెట్టుమను మనసు నింట నుండవలెను. ఈ యన్నదానము దంపతులిరువురి తపస్సు.

ఆమె జీవితమున మిక్కిలి చెప్పుకొనబడు వృత్తాంతమొకటి గలదు. వాసిష్ఠీ సాగరసంగమమున వెలసిన అంతర్వేది నరసింహస్వామిని దర్శింపవలెనని ఆమె చిరకాలము గోరి, తుదకు పల్లకిలో బయలుదేఱెనట. త్రోవలో విశ్రమించిన చోట, ప్రయాణపు బడలికతో నాకలిగొన్న కుటుంబమొకటి, కొంచెము దూరము పోయిన సీతమ్మగారి యింట భోజనము దొరకునని పిల్లల నోదార్చుట యామె చెవిని బడెను. వెంటనే బోయీలను వెనుకకు మఱలించి, వారికంటె ముందుగా నిల్లు చేరి వంట ప్రారంభించెనట. స్వామి దర్శనము ఆకలిగొన్నవారి ముఖములయందే యామెకు లభించెను.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవము 1903 జనవరి 1వ తేదీన ఢిల్లీలో దర్బారుగా జరిగినది. ఆ వేడుకకు నాహ్వానము రాగా, అతిథులను విడిచి రాజాలమని ఆమె నిరాకరించినట్లును, పిమ్మట అధికారులు ఆమె ఛాయాచిత్రమును దీయించి పంపినట్లును ప్రసిద్ధి. రాజసన్మానము గొప్పదే, వంటయింటి పొయ్యి యామెకు దానికంటె గొప్పది.

1909 ఏప్రిల్ 28వ తేదీన సీతమ్మగారు పరమపదించిరి. 2000వ సంవత్సరమున గన్నవరమువద్ద వైనతేయపై నిర్మింపబడిన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరిడిరి. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె నామమునే యుంచెను. కాలువ నీరు పొలమునకు, అన్నము బిడ్డలకు పోవుచోట ఆమె పేరు నిలుచుట యెంతయు సమంజసము.

సీతమ్మగారు మనవారని గర్వించుట సులభము. అయితే ఆమె తన విస్తరి యెదుట ఎవరిని గూర్చుండబెట్టెనో మఱవరాదు. మన సభాభోజనశాల తలుపు సభ్యులకు మాత్రమే తెఱచి, దారిని బోవు కూలివానికి మూసియుండినచో, ఈ సంచికలో ఆమె చిత్రము నచ్చువేయించుట వృథా. సంవత్సరమున కొక్కనాడైన మన పంక్తి నడుగక వచ్చినవారికెల్ల నిడుదుము గాక. అదియే యా పుణ్యదంపతులకు మనమొనర్పదగిన నివాళి.