తనను తాను చదువుకొనే యంత్రం – అలన్ ట్యూరింగ్ జీవితం

ఆధునిక గణన శాస్త్రానికి పునాది వేసిన మేధావులలో అగ్రగణ్యుడైన అలన్ మాథిసన్ ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్ నగరంలో జన్మించాడు. ఆయన ఆంగ్లేయుడు. చదివినదీ, పనిచేసినదీ ఇంగ్లండు, అమెరికా దేశాలలోనే. అయినప్పటికీ ఆయన కుటుంబ చరిత్ర తిరగవేస్తే మన తెలుగు జిల్లాల పేర్లు వరుసగా ఎదురవుతాయి. తండ్రి జూలియస్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగిగా 1896లో మద్రాసు రాజధానికి వచ్చి బళ్లారి, కర్నూలు, విశాఖపట్టణం జిల్లాలలో పదేళ్లు పనిచేశాడు. తమిళంతోపాటు తెలుగు కూడా నేర్చుకున్నాడు. తల్లి సారా స్టోనీ కోయంబత్తూరు చెంతనున్న పోదనూరులో 1881లో పుట్టింది. ఆమె తండ్రి ఎడ్వర్డ్ స్టోనీ మద్రాసు రైల్వేలో ముఖ్య ఇంజనీరు. తుంగభద్రపై రైలు వంతెన నిర్మాణ బాధ్యత వహించినవాడు. చప్పుడు చేయని పంకా చక్రమొకటి కనిపెట్టి పేటెంటు పొందిన ఘనుడు కూడా ఆయనే.

1907లో వివాహమైన పిదప ఆ దంపతులు ఉద్యోగరీత్యా పార్వతీపురం, విశాఖపట్టణం, అనంతపురం, బెజవాడ, చికాకోలు, కర్నూలు తిరిగి, 1911 మార్చిలో గంజాం జిల్లా ఛత్రపురం చేరుకున్నారు. అలన్ తల్లి గర్భాన పడింది అక్కడే. ప్రసవానికి ఆమె ఇంగ్లండు వెళ్లింది. మా దాచేపల్లికి ఉత్తరాన సాగిపోయే కృష్ణ దిగువకు పోయి బెజవాడను తాకుతుంది. ఎగువన కర్నూలు మీదుగా వచ్చే తుంగభద్రను కలుపుకొని వస్తుంది. కంప్యూటరు శాస్త్ర పితామహునికి మన నదితో ఇంత చుట్టరికం ఉన్నదని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతింత కాదు.

ఆ చుట్టరికం బాలునికి మాత్రం వియోగాన్నే మిగిల్చింది. తలిదండ్రులు హిందూదేశంలో ఉద్యోగానికి మరలిపోగా, అన్న జాన్‌తోపాటు అలన్ సముద్రతీరాన సెంట్ లెనార్డ్స్ అనే ఊరిలో ఒక విశ్రాంత సైనికాధికారి ఇంట పెరిగాడు. 1926లో షెర్బోర్న్ పాఠశాలలో చేరవలసిన వేళ దేశమంతటా సార్వత్రిక సమ్మె జరిగి రైళ్లు ఆగిపోయాయి. పదమూడేళ్ల ఆ కుర్రవాడు సౌతాంప్టన్ నుంచి సుమారు అరవై మైళ్లు సైకిలు త్రొక్కి బడికి చేరుకున్నాడు. అక్కడ తనతో సమానంగా గణితం మాట్లాడగల ప్రాణమిత్రుడు క్రిస్టఫర్ మార్కమ్ లభించాడు. ఆ మిత్రుడు 1930 ఫిబ్రవరిలో క్షయవ్యాధితో మరణించాడు. మనస్సు అనేది దేహమనే యంత్రంలో ఎట్లా ఇమిడి ఉంటుందన్న ప్రశ్న ఆ దుఃఖంతోనే ట్యూరింగ్‌ను పట్టుకున్నదని ఆయన జీవితం పరిశీలించినవారు భావిస్తారు.

1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో ప్రవేశించి, ఇరవై రెండేళ్లకే అక్కడ ఫెలోగా ఎన్నికయ్యాడు. 1936లో ప్రకటించిన వ్యాసం ఆయన పేరును శాశ్వతం చేసింది. మేము ముఖ్యంగా చెప్పదలచుకొన్నది ఆ వ్యాసం గురించే.

ఏదైనా ఒక గణిత వాక్యాన్ని ముందు పెడితే, అది నిరూపణకు లొంగుతుందా లేదా అని తేల్చే యాంత్రికమైన పద్ధతి ఉన్నదా అన్నది ఆనాడు జర్మన్ గణితజ్ఞుడు హిల్బర్ట్ వేసిన ప్రశ్న. యాంత్రికమైన పద్ధతి అంటే ఏమిటో ముందుగా తేలాలి గదా! ట్యూరింగ్ ఒక యంత్రాన్ని ఊహించాడు. గళ్లు గళ్లుగా విభజించిన పొడుగాటి కాగితపు పట్టీ. ఒక్కొక్క గడిని చదివే శీర్షం. ఏ స్థితిలో ఏ గుర్తు కనబడితే ఏమి వ్రాయాలో, ఎటు జరగాలో తెలిపే పట్టిక. ఇంతే. వడ్డీ లెక్కలు వేసే గుమాస్తా చేసే పనంతా ఈ మూడింటిలో ఇమిడిపోతుంది.

అసలైన ప్రతిభ ఆ తరువాతి అడుగులో ఉన్నది. యంత్రపు పట్టికను ఆయన కొద్దిపాటి గుర్తులతో ఒక వరుసగా వ్రాశాడు. ఒక్కొక్క గుర్తుకు ఒకటి మొదలు ఏడు వరకు అంకెనిచ్చాడు. అప్పుడు ప్రతి యంత్రమూ ఒక పూర్ణ సంఖ్య అయిపోయింది! సంఖ్యను పట్టీ మీద వ్రాయవచ్చు. పట్టీ మీద వ్రాసినదానిని మరొక యంత్రం చదువవచ్చు. ఏ యంత్రపు వర్ణన ఇచ్చినా దానిని చదివి, ఆ యంత్రం చేసే పనినే తాను చేసే సార్వత్రిక యంత్రాన్ని ఆయన అక్షరాలా నిర్మించి చూపాడు. అంతకుముందు పని చేసేది వేరు, పనికి గురయ్యేది వేరు. ఆ వ్యాసంతో ఆ గోడ కూలిపోయింది.

నేడు కంప్యూటరు విద్యార్థులకు రిఫ్లెక్షన్ అనే పేరుతో వచ్చే పాఠానికి మూలం ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం. క్లాసు అంటే ఒక జాతి వస్తువులకు నమూనా. గుంటూరు మిర్చి యార్డు లెక్కల కోసం బస్తా అనే క్లాసు వ్రాశామనుకొందాం. తూకం, రకం దాని లక్షణాలు. తరుగు తీయడం, విలువ కట్టడం దాని పనులు. ఈ పనులనే మెథడ్లు అంటారు. సాధారణంగా ప్రోగ్రాము వ్రాసేవానికి ఈ మెథడ్ల పేర్లు ముందే తెలిసి ఉంటాయి. కానీ ప్రోగ్రాము నడుస్తూ ఉండగా తానెరుగని వస్తువొకటి చేతికి వస్తే ఏమి చేయాలి? ఆ వస్తువునే అడుగవచ్చు. నీవు ఏ క్లాసుకు చెందినదానవు, నీలో ఏయే మెథడ్లు ఉన్నవి, ఒక్కొక్కదానికి ఏమేమి అందించాలి అని ప్రశ్నిస్తే జాబితా వస్తుంది. జావాలో గెట్‌క్లాస్, గెట్‌మెథడ్స్ అనేవీ, పైథాన్‌లో టైప్, డిర్ అనేవీ ఈ ప్రశ్నలే. జాబితాలోని పేరు పట్టుకొని ఆ మెథడ్‌ను అప్పటికప్పుడు పిలిచి పని చేయించుకొనవచ్చు కూడా. ప్రోగ్రాములను పరీక్షించే సాధనాలు టెస్ట్ అనే మాటతో మొదలయ్యే మెథడ్లను వెదకి ఒక్కొక్కటిగా నడిపించడం ఈ విధంగానే జరుగుతుంది.

క్లాసులను ట్యూరింగ్ కనిపెట్టలేదు. ఆ భావన నార్వేలో సిమ్యులా భాషతో 1967లో వచ్చింది. అప్పటికి ఆయన మరణించి పదమూడేళ్లు. ప్రోగ్రామునూ, దత్తాంశాన్నీ ఒకే జాబితా రూపంలో వ్రాసే లిస్ప్ భాషను అమెరికాలో మెకార్తీ 1958లో ఆరంభించాడు. క్లాసు కూడా ఒక వస్తువే, దానినీ ప్రశ్నించవచ్చునని స్మాల్‌టాక్ భాష 1970లలో చూపింది. తన నడకను తానే పరిశీలించుకొనే ప్రోగ్రాముల సిద్ధాంతాన్ని బ్రయాన్ స్మిత్ 1982లో తన పరిశోధన గ్రంథంలో విపులీకరించాడు. జావాలో ఈ సౌకర్యం 1997లో చేరింది. వీరందరూ నడచిన బాట మాత్రం పట్టికను సంఖ్యగా వ్రాసిన నాటిదే. (ఇట్టి క్రమపద్ధతికి ఆల్గోరిథమ్ అన్న పేరు తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ నామం నుంచి వచ్చిందని మా ఉర్దూ విభాగ మిత్రులు తరచు గుర్తుచేస్తూ ఉంటారు. అది నిజమే.)

అయితే ట్యూరింగ్ చెప్పినదానిలో సగాన్ని మాత్రమే మనం పాఠంగా చదువుతున్నాము. రెండవ సగం మరింత గంభీరమైనది. పట్టికను చదువవచ్చును గాక, చదివినంత మాత్రాన ఆ యంత్రం ఏమి చేయబోతున్నదో అన్ని సందర్భాలలోనూ తేల్చగల ఒకే పద్ధతి ఉండదని ఆయన నిరూపించాడు. ఆ వాదన ఇట్లా సాగుతుంది. కొన్ని యంత్రాలు నిరంతరంగా అంకెలు వ్రాస్తూనే పోతాయి. కొన్ని ఒకచోట చిక్కుకొని ఇక వ్రాయవు. ఏ సంఖ్య ఇచ్చినా ఇది మంచి యంత్రమా, చిక్కుకొనే యంత్రమా అని చెప్పే పరీక్షకుడొకడు ఉన్నాడనుకొందాం. వానిని లోపల పెట్టుకొని మరొక యంత్రాన్ని కడదాం. అది ఒకటి, రెండు, మూడు అంటూ అన్ని సంఖ్యలనూ వరుసగా పరీక్షింపజేసి, మొదటి మంచి యంత్రం వ్రాసే మొదటి అంకెనూ, రెండవదాని రెండవ అంకెనూ, ఈ క్రమంలో వ్రాస్తూ పోతుంది. పరీక్షకుడు ప్రతిసారీ జవాబు చెబుతాడు కనుక ఇదీ మంచి యంత్రమే కావాలి. ఇట్లా పోతూ పోతూ అది ఒకనాడు తన సంఖ్యనే ఎదుర్కొంటుంది. అప్పుడు తాను వ్రాయవలసిన అంకె ఏమిటో తెలియాలంటే తననే నడిపి చూడాలి, నడిపితే మళ్లీ అక్కడికే వస్తుంది, అక్కడే చిక్కుకొంటుంది. మంచిదని తేలిన యంత్రం చిక్కుకొన్నది కనుక అట్టి పరీక్షకుడు ఉండడానికి వీలులేదు. అద్దంలో తనను చూసుకొన్న యంత్రం చేతనే ఆయన ఈ సత్యాన్ని పలికించాడు!

రిఫ్లెక్షన్ నేర్చుకొనే విద్యార్థులు దీనిని గమనించాలి. మన బస్తా క్లాసులో విలువ కట్టే మెథడ్ ఉన్నదని యంత్రం చెప్పగలదు. దానికి ఎన్ని విలువలు అందించాలో చెప్పగలదు. లోపల అది నిజంగా విలువే కడుతుందో, ఖాతానే చెరిపివేస్తుందో ఆ జాబితా చెప్పదు. నడికుడి జంక్షన్‌లో రైళ్ల వేళల బోర్డు ఏ బండి ఉన్నదో చెబుతుంది గాని, ఎక్కిన మనిషి ఊరు చేరతాడో లేదో చెప్పదు గదా! పైగా పేరును అక్షరాల రూపంలో ఇచ్చి పిలవడం వలన ఒక్క అక్షరం తప్పినా ప్రోగ్రాము నడిచే వేళ గాని బయటపడదు. క్రొత్తగా నేర్చినవారు ముచ్చటపడి ప్రతిచోటా దీనిని వాడడం మాకు సమ్మతం కాదు.

మిగిలిన చరిత్ర లోకానికి తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాము. 1938లో ప్రిన్స్టన్‌లో డాక్టరేటు పొంది స్వదేశం చేరిన ట్యూరింగ్, యుద్ధం ప్రకటించిన మరునాడే, అనగా 1939 సెప్టెంబరు 4న, బ్లెచ్లీ పార్కులో రహస్య లిపి ఛేదన పనిలో చేరాడు. పోలండు గణితజ్ఞులు వేసిన బాటలో సాగి, జర్మన్ నౌకాదళపు ఎనిగ్మా లిపిని విప్పడంలో ప్రధాన పాత్ర వహించాడు. ఆ రహస్యం 1970ల వరకు బయటికి పొక్కలేదు. యుద్ధానంతరం జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఏస్ అనే కంప్యూటరుకు నమూనా వ్రాశాడు. 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. 1949లో కేంబ్రిడ్జి సభలో చదివిన చిన్న పత్రం మా దృష్టిలో అమూల్యమైనది. అన్ని ప్రోగ్రాములకూ వర్తించే పరీక్ష లేదని నిరూపించినవాడే, ఒక్కొక్క ప్రోగ్రామును సరిచూసే ఉపాయం అందులో చెప్పాడు. పెద్ద కూడికలో వరుస వరుసకూ వచ్చే మిగులును ప్రక్కన వ్రాసి ఉంచితే సరిచూడడం సులువవుతుంది. ఆ విధంగానే ప్రోగ్రాము వ్రాసినవాడు అక్కడక్కడ ఇక్కడ ఇది నిజమై ఉండాలని వ్రాసి ఉంచాలి. అది ముగుస్తుందని చూపడానికి అడుగడుగునా తరిగిపోయే పరిమాణమొకటి చూపాలి. వ్రాసినవాడు బాధ్యత వహిస్తే చదివేవానికి దారి దొరుకుతుందన్నమాట.

1951లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. మరుసటి సంవత్సరమే, ఒక పురుషునితో గల సంబంధం కారణంగా నాటి ఆంగ్ల చట్టం ఆయనను దోషిగా నిలబెట్టింది. చెరసాల తప్పించుకొనడానికి ఏడాదిపాటు హార్మోను మందులు పుచ్చుకొనవలసి వచ్చింది. దేశాన్ని కాపాడిన ఆ మనిషిని రహస్య లిపి పనులకు అనర్హుడని దూరం చేశారు. ఆయన చేసిన పనులేవీ చూడక, దస్త్రంలోని ఒక్క పంక్తినే చదివి మనిషిని నిర్ణయించారు. 1954 జూన్ 7న, నలభై ఒకటవ ఏట, సైనైడు విషంతో ఆయన మరణించాడు. విచారణాధికారి ఆత్మహత్య అన్నాడు. తల్లి మాత్రం రసాయన ప్రయోగాలలో జరిగిన ప్రమాదమనే నమ్మింది. పోదనూరులో పుట్టిన ఆ తల్లి 1959లో కుమారుని జీవిత చరిత్ర ప్రచురించింది. యుద్ధకాలంలో ఆయన చేసిన సేవ ఎట్టిదో అందులో వ్రాయగల వీలు ఆమెకు లేదు.

ఆయన పేరిట 1966 నుంచి ఇస్తున్న బహుమానాన్ని శ్రీకాళహస్తి చెంతనున్న కాటూరు గ్రామంలో పుట్టిన డాక్టర్ రాజ్ రెడ్డి 1994లో మరొకరితో కలిసి అందుకొన్నారు. బ్రిటిష్ ప్రభుత్వం 2009లో క్షమాపణ చెప్పింది. 2013 డిసెంబరు 24న రాణి క్షమాభిక్ష ప్రకటితమైంది. 2021 జూన్ 23న, ఆయన పుట్టినరోజున, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు ఆయన బొమ్మతో యాభై పౌండ్ల నోటు విడుదల చేసింది. ఆ నోటు మీద ఆయన ముఖం ప్రక్కనే 1936 వ్యాసంలోని పట్టిక ఒకటి ముద్రించి ఉన్నది.