నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూర్: నీటిని పంచిన నేర్పరి

ఎర్రగుంట్ల నుండి ప్రొద్దుటూరు పోవువారు పెన్నను దాటక తప్పదు. ఏడాదిలో అధిక కాలము ఆ నదిలో కనిపించునది ఇసుకయే. జమ్మలమడుగునకు ఎగువన మైలవరము జలాశయమునకును, పులివెందుల బ్రాంచి కాలువకును తుంగభద్ర నుండి రావలసిన నీటికై ఎదురు చూచుట మన రైతులకు అలవాటు. ఆ నీటి పంపకము వెనుక ఉన్న మహనీయులలో ఒకరిని విద్యార్థి లోకమునకు పరిచయము చేయుట మా కర్తవ్యమని తలచినాము.

నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూర్ 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించినారు. వారి అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. మదర్సా-ఎ-ఆలియాలోను, నిజాం కళాశాలలోను చదివి, 1896లో ప్రభుత్వ విద్యార్థి వేతనముపై ఇంగ్లండు వెళ్లి కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలలో చేరినారు. 1899లో స్వదేశమునకు తిరిగి వచ్చి ప్రజా పనుల శాఖలో ఉద్యోగము స్వీకరించినారు. 1918 నాటికి ఛీఫ్ ఇంజనీరైనారు. పరాయి గడ్డపై నేర్చిన విద్యను సొంత గడ్డకే ధారపోసిరనుట అతిశయోక్తి కాదు.

1908లో మూసీ వరద హైదరాబాదు నగరమును ముంచెత్తి వేలాది ప్రాణములను బలిగొన్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు సూచించిన పథకము ననుసరించి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నిర్మాణమైనవి. ఆ పనులను ముందుకు నడిపిన వారిలో అలీ నవాజ్ జంగ్ ముఖ్యులు. నగరమును ముంచిన నీరే నగరమునకు త్రాగునీరైనది. శత్రువును మిత్రునిగా మార్చుకొనుటయే ఇంజనీరు విద్య యొక్క పరమార్థము కదా!

వారి కీర్తికి శిఖరము నిజాంసాగర్. మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన ఈ జలాశయము 2 లక్షల 75 వేల ఎకరములకు నీరందించుటకు ఉద్దేశింపబడినది. బోధనులో చక్కెర పరిశ్రమ వెలయుటకు ఆ నీటితో పండిన చెరకే ఆధారము. ఖమ్మము ప్రాంతమున పాలేరు, వైరా జలాశయములును వారి కాలపు నిర్మాణములే.

1929లో సింధు నదిపై సుక్కూరు వద్ద నిర్మాణములో ఉన్న లాయిడ్ బరాజును పరిశీలించుటకు బొంబాయి ప్రభుత్వము విశ్వేశ్వరయ్య గారితో పాటు వీరిని ఎన్నుకొన్నది. తుంగభద్ర విషయమై మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వముల నడుమ చిరకాలము సాగిన చర్చలలో హైదరాబాదు పక్షమున వీరు చేసిన కృషి మరువరానిది. 1944లో ఒప్పందము కుదిరినది. 1945లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. నది ఎవరి సొత్తూ కాదు, ఇరువురకును భాగమున్నది అన్న న్యాయమే ఆ ఒప్పందమునకు పునాది. తరువాతి కాలమున హైలెవెల్ కాలువ మన జిల్లా వైపు సాగుటకు మార్గము ఏర్పడినది ఆ పునాది మీదనే. ఆనకట్ట పూర్తియగుటను చూడకయే, 1949 డిసెంబరు 6న వారు కన్నుమూసినారు.

అయితే మహనీయులను పొగడి ఊరకుండుట మా అభిమతము కాదు. నిజాంసాగర్ నిల్వ శక్తి తొలుత 29.7 టి.ఎం.సి.లు, పూడిక చేరి 1970 దశకము నాటికి 12 టి.ఎం.సి.ల లోపునకు పడిపోయినది. ఆనకట్ట మట్టము పెంచినను 17.8 టి.ఎం.సి.లే దక్కినవి. తుంగభద్ర సైతము 133 టి.ఎం.సి.ల నుండి సుమారు 105కు తగ్గినది. 2024 ఆగస్టులో గొలుసు తెగి దాని గేటు ఒకటి కొట్టుకొని పోయినది. కట్టినవారి దోషమా ఇది? ఎగువ కొండలపై చెట్లు నరికిన చేతులకును, ఏటేటా చేయవలసిన మరమ్మతులను మరచిన చేతులకును ఇందు భాగము లేదా? కట్టుట ఒక తరము పని, కాపాడుట ప్రతి తరము పని. జలాశయములో చేరు ప్రతి బుట్టెడు పూడికయు కాలువ చివరనున్న రైతు పొలము నుండి తీసివేసిన నీరే. పెన్న ఒడ్డున నివసించు మనకు ఇది పరుల కథ కాదు.

2014 నుండి తెలంగాణ ప్రభుత్వము వీరి జన్మదినమును ఇంజనీర్ల దినోత్సవముగా జరుపుచున్నది. మన కళాశాలలో ఉర్దూ చదువువారును, తెలుగు చదువువారును ఒకే బావి నీరు త్రాగుచున్నారు. వీరిలో ఒక్కరైనను రేపు ఇంజనీరై, ఊరి చెరువు పూడిక తీయుటను చిన్న పనిగా భావింపని నాడు, ఆ మహనీయునకు మనము నిజమైన నివాళి అర్పించిన వారమగుదుము.