కీర్తిశేషులు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు

ఈ మహాసభకు విచ్చేసిన సోదరసోదరీమణులలో బెజవాడ గవర్నరుపేట నెఱుఁగనివారు అరుదు. అంగళ్లతోను, బ్యాంకులతోను, వైద్యశాలలతోను క్రిక్కిరిసిన ఈ పేటయందు తిరుగాడిన పెద్దవారికి బ్యాంకు అనఁగానే మొదట నోటికి వచ్చుపేరు ఆంధ్రాబ్యాంకు. 2020వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకు ఆఫ్ ఇండియాలో విలీనమయ్యెను. పలకలు మారినవి, పేరు చరిత్రలోనికి జారినది. పేరు పోయినను, ఆ పేరు పెట్టిన మహనీయుని జీవితము మాత్రము మఱవఁదగినది కాదు. పదిమంది సొమ్మును పదిలముగాఁ గాచుట యెట్టిదో తెలియఁగోరు సంఘములకు ఆయన చరిత్రమునకు మించిన పాఠము లేదు.

పట్టాభి సీతారామయ్యగారు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన, నేఁడు ఏలూరు జిల్లాలో చేరియున్న గుండుగొలను గ్రామమున, కలిమి లేని నియోగి బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. పేదఱికము వారి చదువున కడ్డు రాలేదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, పిమ్మట మద్రాసు వైద్యకళాశాలలోఁ జదివి ఎం. బి. సి. ఎం. పట్టమును బడసిరి. 1906 ప్రాంతమున బందరు చేరి వైద్యవృత్తి నారంభించిరి.

ఆ నాఁటి బందరు, దెబ్బతిని నిలిచిన పట్టణము. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది అసువులు బాసిరి. రైలుమార్గములకుఁ గూడలియైన బెజవాడ పెరుగుకొలఁదిని బందరు రేవు వ్యాపారము తగ్గుచు వచ్చెను. అయినను విద్యయు, వార్తాపత్రికయు, దేశాభిమానమును ఆ పట్టణమునే ఆశ్రయించియుండెను. కృష్ణాపత్రిక 1902 నుండి అచటనే వెలువడుచుండెను. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభిగారు ఏకమై 1910లో ఆంధ్రజాతీయ కళాశాలను నెలకొల్పిరి. పుస్తకవిద్యతోఁబాటు చేతిపనియు నేర్పవలెననునది దాని ఆశయము.

తెలుఁగువారికి వేఱుగా ఒక రాష్ట్రము కావలెనను భావము 1913లో బాపట్లయందు జరిగిన ప్రథమాంధ్ర మహాసభతో రూపు దాల్చెను. ఆ యుద్యమమున పట్టాభిగారు ముందు నిలిచిరి. భాషనుబట్టి రాష్ట్రము లుండవలెనని కాంగ్రెసు పెద్దలతో లెక్కలుచూపి వాదించి, ఆంధ్రులకుఁ బ్రత్యేక కాంగ్రెసు శాఖను సాధించినవారిలో వారు ముఖ్యులు. క్రమముగా ధనమిచ్చు వైద్యవృత్తిని విడిచి దేశసేవకే అంకితులైరి. 1919లో జన్మభూమి యను ఆంగ్ల వారపత్రికను స్థాపించి, పెక్కేండ్లు నడపిరి.

ఒక వైద్యుఁడు బ్యాంకులవైపు దృష్టి మరల్చుటకుఁ గారణమేమని కొంద ఱడుగవచ్చును. కారణము మన పొలములలోనే కలదు. 1855లో బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టాలో వరిపంట విస్తరించెను; పంటతో రొక్కము వచ్చెను. ఆ రొక్కము కొందఱి యిండ్లలో నగలుగాను, నేలలోఁ బాతిన కుండలుగాను నిద్రించుచుండఁగా, ప్రక్కయింటి రైతు విత్తనములకును ఎరువులకును అధికవడ్డీకి అప్పు తెచ్చి, తుదకు పొలమునే ఋణదాత కప్పగించుచుండెను. పెద్ద బ్యాంకులు పెద్ద వర్తకులకే గాని సామాన్య రైతునకు వాకిలి తెరవవు. దీనికిఁ దోడు, పట్టాభిగారు వైద్య మారంభించిన 1906లోనే మద్రాసున అర్బత్‌నాట్ కంపెనీ దివాలాతీసి వేలకొలఁది కుటుంబముల కూడఁబెట్టిన సొమ్మును ముంచివేసెను. పరులచేతిలో సొమ్ముంచిన పోవునను భయము దక్షిణాపథమెల్ల వ్యాపించెను.

ఈ రెండు రోగములకును మందు దూరదేశమునఁ గనిపెట్టఁబడియుండెను. జర్మనీలో రైఫైజెన్ అను ఒక గ్రామీణ పురపాలకుఁడు 1846-47 సంవత్సరముల కఱవులో తన పల్లెవాసులను ఏకముచేసి, ఒకరికొకరు పూచీపడి తక్కువ వడ్డీకి అప్పు పొందు సంఘములకు దారితీసెను. ఆతఁడు కోటీశ్వరుఁడు కాఁడు. పొరుగువాని పరువే ఆతని మూలధనము. మద్రాసు ప్రభుత్వము పంపఁగా సర్ ఫ్రెడరిక్ నికల్సన్ యూరపు దేశముల పద్ధతులఁ బరిశీలించి, 1895-97 సంవత్సరముల నివేదికలలో ఆ మార్గమునే సిఫారసు చేసెను. 1904లో సహకారసంఘముల చట్టము వచ్చెను. ఆ చట్టము కాగితముమీఁద నుండిపోకుండ మన మండలమునఁ బ్రాణము పోసినవారిలో పట్టాభిగారు ప్రముఖులు. 1915లో వారి పూనికవలన కృష్ణా సహకార కేంద్రబ్యాంకు వెలసెను.

సహకారసంఘము రైతునకుఁ జాలును గాని, వర్తకునకును, మిల్లుదారునకును, నెలజీతగానికిని వేఱొక యాధారము కావలసియుండెను. అందులకై 1923వ సంవత్సరము నవంబరు 20వ తేదీన ఆంధ్రాబ్యాంకు రిజిష్టరు చేయఁబడెను. ఆ నెల 28వ తేదీన బందరులో వ్యాపార మారంభించెను. అప్పటికి పట్టాభిగారికి నలువది మూఁడేండ్లు నిండి నాలుగు దినములు. అధికృత మూలధనము 10 లక్షల రూపాయలుగా వ్రాసికొన్నను, చేతికి వచ్చిన మూలధనము 1 లక్ష మాత్రమే. తక్కినదంతయు జనుల నమ్మకముతో నింపవలసియుండెను. ఆ బ్యాంకునకు ఆంధ్రయని పేరు పెట్టినప్పుడు ఆంధ్రరాష్ట్రము లేదు, ఆంధ్ర విశ్వవిద్యాలయము లేదు. విశ్వవిద్యాలయము 1926లోను, రాష్ట్రము 1953లోను వచ్చినవి. లేని రాష్ట్రమునకు ముందుగా ఖజానా కట్టినవారు పట్టాభిగారు.

అంతటితో వారు విరమింపలేదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని, 1927లో వడ్లమన్నాడున భూమి తనఖా బ్యాంకును, 1929లో భారతలక్ష్మీ బ్యాంకును, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. ఈ వరుసను గమనించినచో ఒక గృహస్థుని అవసరము లన్నియు అందుఁ గానవచ్చును. పంటకు స్వల్పకాలపు అప్పు సహకారబ్యాంకునుండి. వర్తకమునకు, పొదుపునకు వాణిజ్యబ్యాంకు. పాత ఋణములు తీర్చి పొలము నిలుపుకొనుటకు దీర్ఘకాలపు తనఖా బ్యాంకు. ఇంటి యజమాని మరణించినచో భార్యాబిడ్డలకు భీమా. పంటకాలువలు నీటిని పొలములకుఁ బంచినట్లు ఈ సంస్థలు ధనమును ఇంటింటికిఁ బంచవలెనని వారి యూహ.

పరీక్షాకాలము వెంటనే వచ్చెను. 1929 తరువాత ప్రపంచమెల్ల వ్యాపించిన మాంద్యములో ధాన్యము ధర కూలిపోయెను. రైతులు అప్పులు తీర్చలేకపోయిరి. 1938లో తిరువాన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూఁతపడఁగా దక్షిణదేశమున బ్యాంకులన్న జనులు మఱల జంకిరి. ఆంధ్రాబ్యాంకు ఆ తుపానులలో మునుఁగక నిలిచెను.

ఈ సంస్థల నెలకొల్పినవారు సుఖాసనమునఁ గూర్చున్న ధనికులు కారు. 1921వ సంవత్సరము మార్చి కడపట, ఏప్రిలు తొలినాఁడు, బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమున 20 లక్షల రాట్నములు కావలెనని తీర్మానించెను. గాంధీమహాత్ముని బాటను నమ్మిన పట్టాభిగారు 1930 ఉప్పుసత్యాగ్రహమున బందరుతీరమున ముందు నడచి చెరసాల కేఁగిరి. అదియే తుదిసారియుఁ గాలేదు. 1942 ఆగష్టులో కాంగ్రెసు కార్యవర్గ సభ్యులతోఁబాటు అహమ్మదునగరు కోటలో నిర్బంధింపఁబడి, దాదాపు మూఁడేండ్లు గడపిరి. స్థాపకుఁడు కోటగోడల వెనుక నుండఁగా బందరులో బ్యాంకు తలుపులు తెఱచియే యుండెను. ఒక సంస్థ గట్టిదా కాదా యని తెలియుటకు ఇంతకన్న ఒరగల్లు వేఱొకటి కలదా?

వారి కలము కూడ విశ్రాంతి యెఱుఁగదు. కాంగ్రెసు చరిత్రము ప్రథమసంపుటమును 1935లో, ద్వితీయసంపుటమును 1947లోఁ బ్రకటించిరి. ఆ యుద్యమమును గూర్చి వ్రాయువారు నేఁటికిని ఆ గ్రంథమును తిరుగవేయుచునే యుందురు.

కీర్తితోఁబాటు అపజయములును వారికి దక్కినవి. 1939లో త్రిపురి కాంగ్రెసు అధ్యక్షపదవికి సుభాసచంద్ర వసువుగారితోఁ బోటీచేసి, 1,580 ఓట్లు పొందిన వసువుగారిచేత నోడిపోయిరి. ఆ యోటమి తనదే యని గాంధీమహాత్ముఁడు చెప్పుకొనుట లోకవిదితము. తొమ్మిదేండ్లకు, 1948లో, పురుషోత్తమదాసు టాండనుగారిపై గెలిచి జయపురము కాంగ్రెసున కధ్యక్షులైరి.

ఆ పదవియే వారికిఁ గఠినపరీక్ష తెచ్చెను. భాషారాష్ట్రముల విషయమును మఱలఁ బరిశీలించుటకు జవహరులాలు, వల్లభభాయి, పట్టాభి — ఈ మువ్వురతో ఒక సంఘమేర్పడెను. 1949 ఏప్రిలులో ఆ సంఘము తన నివేదికలో భాషారాష్ట్రముల నిర్మాణమును వాయిదా వేయుటయే మేలనియు, ఆంధ్రులు మద్రాసు నగరముపై హక్కు విడిచినచో ఆంధ్రరాష్ట్రమును ఆలోచింపవచ్చుననియుఁ దెలిపెను. యౌవనమునుండి ఆంధ్రరాష్ట్రమునకై వాదించిన పెద్దమనిషి ఇట్టి నివేదికపైఁ జేవ్రాలు చేయుట తెలుఁగువారిలో ననేకులకు బాధ కలిగించెను, నిందలును వినవచ్చెను. ఈ భాగమును దాఁచుట చరిత్రకు న్యాయము కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన మద్రాసు నగరము లేకయే ఆంధ్రరాష్ట్ర మవతరించెను. దేశసమైక్యతకును స్వజనుల కోరికకును నడుమ నిలిచినవానికి ఏ ప్రక్కనుండియు పూర్తి మెప్పు దొరకదనుటకు ఇదియొక దృష్టాంతము.

వారు 1952 నుండి 1957 వఱకు మధ్యప్రదేశ్ గవర్నరుగా నుండిరి. 1959వ సంవత్సరము డిశంబరు 17వ తేదీన స్వర్గస్థులైరి. వారి సంస్థలు వారి యనంతరమును మార్పులు చెందుచు వచ్చినవి. 1956లో జీవితభీమా జాతీయము కాఁగా ఆంధ్రా ఇన్సూరెన్సు వ్యాపారము జీవితభీమా సంస్థలోఁ గలిసెను. భారతలక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రాబ్యాంకులో లీనమయ్యెను. ఆంధ్రాబ్యాంకు 1980 ఏప్రిలు 15వ తేదీన జాతీయమై, నలువదేండ్ల పిమ్మట మఱొక బ్యాంకులోఁ గలిసిపోయెను. లక్ష రూపాయలతో మొదలైన ఒక పట్టణపు బ్యాంకు దేశమంతట శాఖలు వేసి, తొంబదియాఱేండ్లకుఁ బైఁగాఁ దన పేరుతో నిలిచినది.

సభాసదులారా! మన సంఘములకును నిధులు కలవు. విద్యార్థుల వేతనములకై, వసతిగృహములకై దాతలు విశ్వసించి యిచ్చిన సొమ్ము మన చేతులలో నున్నది. దాత పేరు చలువరాతిమీఁదఁ జెక్కించుట సులభము. ఏటేట లెక్కలు సరిచూచి సభముందుంచుట, పెద్ద లేనినాఁడును నిధి నడచునట్లు నియమములు కట్టుట కష్టము. పట్టాభిగారు సాధించినది ఆ కష్టమైనదానినే. పేరు మాసిపోవును, భవనము చేతులు మారును, పొరుగువాఁడు మనపై నుంచిన నమ్మకము ఒక్కటియే తరమునుండి తరమునకు అప్పగింపఁదగిన ఆస్తి. ఆ యాస్తికి లోపము రానీయకుండుటయే ఆ మహనీయునకు మన మర్పింపఁగల నివాళి.