రాళ్ళ వయసు అడిగిన బీర్బల్

అక్బరు కొలువులోని బీర్బల్ కథలు మనందరికీ తెలుసు. నేను రాస్తున్నది ఇంకో బీర్బల్ గురించి. ఈయన రాళ్ళను ప్రశ్నలడిగిన శాస్త్రవేత్త.

బీర్బల్ సాహ్ని 1891 నవంబరు 14న, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న భేరాలో పుట్టారు. తండ్రి రుచిరామ్ సాహ్ని లాహోరులో కెమిస్ట్రీ ప్రొఫెసరు. సెలవులొస్తే పిల్లల్ని హిమాలయాల్లో కాలినడకన తిప్పేవారు. బీర్బల్ గారు లాహోరులోను, తర్వాత కేంబ్రిడ్జిలోను చదివి 1919లో తిరిగొచ్చారు. 1921 నుంచి లక్నో యూనివర్సిటీలో వృక్షశాస్త్రం ప్రొఫెసరు. రాయిగా మారిన ఆకులు, కాండాలు, విత్తనాలే ఆయన పుస్తకాలు. వాటి కోసం సంతాలులుండే రాజమహల్ కొండల దాకా పోయారు. 1936లో లండన్ రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

ఆ రోజుల్లో ఒక పెద్ద తగువు ఉండేది. దక్కను మీద లావా పారి గట్టిపడిన నల్లరాయి ఏ కాలానిది? రాకాసిబల్లుల కాలానిదని చాలామంది అనేవారు. ఆ తర్వాతి కాలానిదని సాహ్ని గారు 1934లో రాశారు.

నేను లాలాగూడలో మా బాబాయి ఇంటికి పోయినప్పుడు తార్నాక దగ్గర, ఉస్మానియా యూనివర్సిటీలో పెద్ద పెద్ద బండలు చూశాను. అవి గ్రానైటు, వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపల కరిగి గట్టిపడ్డ రాయి కాబట్టి అందులో శిలాజాలు దొరకవు. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి రాళ్ళ సంగతి వేరు. అక్కడ రెండు లావా పొరల మధ్య సున్నపురాయి ఉంది. 1930లలో ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు గార్లు ఆ రాతిని మైక్రోస్కోపు కింద చూశారు. అందులో ఫోరామినిఫెరా కనిపించాయి. ఇవి ఒకే కణం ఉన్న సముద్ర జీవులు. చాలావాటి గుల్ల ఇసుక రేణువంతే ఉంటుంది. ఒక్కో రకం కొంతకాలం బతికి అంతరిస్తుంది. అందుకే ఏ రకం దొరికిందో చూసి రాయి వయసు చెప్పవచ్చు. మంచినీటి నాచు శిలాజాలు కూడా దొరికాయి. అంటే అప్పట్లో అక్కడ ఉప్పునీరు, మంచినీరు కలిసేవన్నమాట!

ఈ సాక్ష్యం సాహ్ని గారి మాటకు బలమిచ్చింది. 2008లో గెర్టా కెల్లర్ బృందం మళ్ళీ రాజమండ్రి క్వారీలను పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. కింది లావా ఆగేసరికి రాకాసిబల్లుల కాలం ముగిసిందని, మధ్య పొరలోని ఫోరామినిఫెరా ఆ తర్వాతి తొలిరోజులవని తేలింది. ఇది సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళనాటి సంగతి. అంటే ఇరుపక్షాల మాటలోనూ కొంత నిజముంది.

ఇంకోచోట మాత్రం సూక్ష్మ శిలాజాలే ఆయన్ని దారి తప్పించాయి. పంజాబు ఉప్పు కొండల రాతిలో చెట్ల తునకలు, పురుగుల ముక్కలు చూసి, ఆ ఉప్పు సుమారు 5 కోట్ల ఏళ్ళదని 1940లలో వాదించారు. ఆ ఉప్పు 50 కోట్ల ఏళ్ళకు పైబడిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. పాత రాతిలోకి కొత్త తునకలు తర్వాత చేరాయన్న వాదనే నిలిచింది.

శిలాజ వృక్షాల కోసం ఒక పరిశోధన సంస్థ పెట్టాలని ఆయన కల. 1946లో లక్నోలో దాన్ని మొదలుపెట్టారు. 1949 ఏప్రిల్ 3న నెహ్రూ గారు భవనానికి పునాదిరాయి వేశారు. ఆ రాతిలో 77 శిలాజాలు పొదిగారు. సరిగ్గా వారానికే, ఏప్రిల్ 10న, సాహ్ని గారు కన్నుమూశారు. భార్య సావిత్రి గారు ఆ పని భుజాన వేసుకుని భవనం పూర్తిచేయించారు. 1953లో దాన్ని నెహ్రూ గారే ప్రారంభించారు.

కాబట్టి మిత్రులారా, వాగులోనో గుట్టమీదో వింత రాయి దొరికితే ఉత్తగా జేబులో వేసుకోవద్దు. ఏ ఊరు, ఏ పొర, ఎంత లోతు అని వెంటనే నోటుబుక్కులో రాసుకోండి. ఎక్కడిదో తెలియని రాయి వయసు ఎంత గొప్పవాళ్ళయినా చెప్పలేరు.